మహానది ఇసుకలో మా పాత జీపు

రాయపూర్ పేరు చెప్పగానే ఎవరికీ ఎడారి స్ఫురించదు. ఛత్తీస్‌గఢ్‌ను వరి గిన్నె అంటారు. ఎటు చూసినా మళ్లే, చెరువులే. కాని నగరానికి సుమారు నలభై అయిదు కిలోమీటర్ల దూరాన, రాజిం వద్ద, మార్చి నుంచి జూన్ వరకు నిజమైన ఎడారి ఒకటి వెలుస్తుంది. మహానది, పైరీ, సోంఢూర్ నదులు అక్కడ కలుస్తాయి. వానాకాలంలో కులేశ్వర మహాదేవుని ఆలయం నీటి నడుమ ద్వీపంలా నిలుస్తుంది. వేసవిలో భక్తులు అదే గుడికి కాళ్లు కాలుతూ ఇసుకలో నడిచిపోతారు. నది ఒక సన్నని పాయగా మారి ఓ పక్కకు ఒదిగిపోతుంది, మిగిలినదంతా ఇసుకే.

ఆ ఇసుకలో పుచ్చకాయలు పండుతాయి. వరద తీసిన తరువాత కేవట్‌లు, ఇతర పేద రైతులు ఇసుకలో మూరెడు లోతు గుంటలు తవ్వి, పశువుల ఎరువు నింపి, గింజలు నాటుతారు. మార్చి నుంచి కాయ దిగుతుంది. పండించడం ఒక ఎత్తు, దాన్ని గట్టుకు చేర్చడం మరొక ఎత్తు. లారీ ఇసుకలోకి దిగలేదు. ఎడ్లబండి దిగుతుంది గాని, మధ్యాహ్నపు ఎండలో ఎడ్లు అడుగు వేయలేవు. గట్టు మీద వ్యాపారి నిలబడి, మోసుకొచ్చిన కాయకు తన ఇష్టం వచ్చిన ధర చెప్పేవాడు.

1986లో నాకు ఇరవయ్యారేళ్లు, ఉద్యోగం లేదు. మా తాతలది శ్రీకాకుళం ప్రాంతం. విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయ్యాక ఆ దారి వెంట ఎందరో తెలుగువారు పనుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, మేమూ అలాగే. నాన్న రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా పనిచేసి, అంతకు ముందు సంవత్సరమే విరమించారు. స్టేషనుకు ఆవల, పట్టాల అవతలి వైపు ఉన్న గుఢియారీలో మా ఇల్లు. లారీలు, గోదాములు, మెకానిక్కుల రేకుల పాకలు: ఇనుము చప్పుడుతోనే అక్కడ తెల్లవారేది. నాన్న ప్రావిడెంట్ ఫండు డబ్బులో ఇరవై రెండు వేలు మా చెల్లి పెళ్లికని బ్యాంకులో వేసి ఉన్నాయి. ఆ మొత్తంతోనే పాత జీపు కొనాలని నేను ప్రతిపాదించాను. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాన్న మాత్రం, “ముందు బండిని చూద్దాం పదరా” అన్నారు.

అది వెనుక తొట్టి కట్టిన పొడవాటి మహీంద్రా జీపు. ఒక ప్రభుత్వ శాఖ వేలం వేసి వదిలించుకున్నది. 1945లో లూధియానాలో ఆరంభమైన మహీంద్రా సంస్థ 1940ల చివర అమెరికా విల్లీస్ జీపులను కూర్చడంతో ఈ వ్యాపారంలోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టిన ఆ అచ్చు మన అడవులకు, కాలువ గట్లకు చక్కగా అతికింది. మాకు దొరికిన దానిలో 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను, నాలుగు సిలిండర్లు. గేరు కడ్డీ పక్కన మరో రెండు చిన్న కడ్డీలు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా బలాన్ని అందిస్తుంది. రెండవది వేగాన్ని తగ్గించి లాగే శక్తిని సుమారు రెండున్నర రెట్లు పెంచుతుంది. ఇసుకలో ప్రాణాధారం ఆ రెండు కడ్డీలే.

అమ్మేవాడు బండికి కొత్తగా ఆకుపచ్చ రంగు వేయించాడు. నాన్న ఆ రంగు వైపు కన్నెత్తి చూడలేదు. భుజం మీది తువ్వాలు నేల మీద పరచుకొని వెల్లకిలా బండి కిందికి దూరిపోయారు. “కొనేవాడు పైనుంచి చూస్తాడురా, బాగుచేసేవాడు కిందినుంచి చూస్తాడు” అని అక్కడినుంచే అన్నారు. ఛాసిస్‌కు కమాను పట్టీలు తగిలించే చోట వెల్డింగు అతుకులున్నాయేమో వేలితో తడిమారు. బరువెక్కిన బండికి పగులు మొదట అక్కడే వస్తుంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకొని ఊపారు. కింగ్‌పిన్ను అరిగితే ఆ ఊపులో తెలిసిపోతుంది. గేరు పెట్టె నూనెలో అయస్కాంతం ముంచి తీసి, అంటిన ఇనుప రజను ఎండలో చూశారు. తరువాత, మీట వేయకుండా, ముందునుంచి హ్యాండిల్ దూర్చి ఇంజనును నెమ్మదిగా తిప్పారు. నాలుగు సిలిండర్లూ చేతిని ఒకే బలంతో ఎదిరించాలి. మూడు ఎదిరించాయి, నాలుగవది మెత్తగా లొంగిపోయింది. ఆ ఒక్క లోపాన్ని చూపి రెండు వేలు తగ్గించారు. నాలుగు టైర్లలో ఒకటి వేరే కొలతది. నాలుగు చక్రాలూ కలిసి లాగే బండికి అది కూడని పని, లోపలి పళ్లచక్రాలు ఒకదానితో ఒకటి పెనగులాడి అరిగిపోతాయి. ఆ టైరు మార్పించే షరతు మీద బేరం కుదిరింది.

ఇసుక మీద నడపడం రోడ్డు మీద నడపడం కాదు. ఇక్కడ బలం కన్న వైశాల్యం ముఖ్యం. ఒక్కొక్క చక్రం మీద నాలుగున్నర వందల కిలోల బరువు ఉందనుకోండి. టైరులో ఇరవై ఎనిమిది పౌండ్ల గాలి ఉంటే అది సుమారు 225 చదరపు సెంటీమీటర్ల నేలను తాకుతుంది. గాలిని పద్నాలుగుకు దించితే అది దాదాపు రెట్టింపవుతుంది. ఒంటె పాదం వెడల్పుగా ఉండటంలోని రహస్యమూ ఇదే. కాని గాలి మరీ తగ్గితే టైరు రిమ్ము మీద జారి ట్యూబు మెడ తెగుతుంది. గట్టెక్కాక చేతిపంపుతో మళ్లీ గాలి కొట్టాలి. ఒక్కొక్క టైరుకు రెండు వందల పోట్లు, నాలుగు టైర్లకు ఎన్నో లెక్క కట్టుకోండి. బ్రేకు వేసి ఆపకూడదు, చక్రం ముందు ఇసుక గుట్టపడుతుంది. యాక్సిలరేటరు వదిలి దానంతటదే ఆగనివ్వాలి.

బ్రిటిష్ సైన్యపు ఇంజనీరు రాల్ఫ్ బాగ్నాల్డ్ 1920ల చివర, 1930లలో మామూలు ఫోర్డు కార్లతో లిబియా ఎడారిని గాలించాడు. టైర్ల గాలి తగ్గించాడు. కూరుకున్న చక్రాల కింద ఇనుప పట్టాలు పరిచాడు. రేడియేటరు నుంచి పోయే ఆవిరిని డబ్బాలోకి పట్టి మళ్లీ నీటిగా వాడుకున్నాడు. ఎగిరే ఇసుక గురించి 1941లో ఆయన వెలువరించిన గ్రంథం ఆ శాస్త్రానికే పునాది. గుఢియారీలో మా జీపు బాగుచేసిన ఉస్తాద్ ఆయన పేరు విని ఉండడు. అయినా ఖాళీ నూనె డబ్బాకు రబ్బరు గొట్టం బిగించి మా రేడియేటరుకు ఆ ఏర్పాటే చేసిపెట్టాడు!

పోషణ అంటే ఇసుకతో నిత్య యుద్ధం. ప్రతి రాత్రి ఎయిర్ క్లీనర్ అడుగు గిన్నె విప్పితే నూనె కింద బెల్లపు పాకంలా ఇసుక కూర్చుని ఉండేది. దాన్ని కడిగి కొత్త నూనె పోయకపోతే ఆ ఇసుకే సిలిండరును ఆకురాయిలా గీస్తుంది. గ్రీజు నిపుల్స్‌లో పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చి, కొత్తది కనపడేదాకా పంపు కొట్టాలి. నీటిలో దిగిన రోజు చక్రాల బేరింగులు తప్పక విప్పాలి. ఈ పనులన్నీ నాన్న ఒక చిట్టా పుస్తకంలో తేదీలతో రాసేవారు. మొదటి ఏడు సంపాదనలో సగం ఆ పుస్తకానికే పోయింది. ఇంట్లో చెల్లికి సంబంధాలు వస్తున్నాయి. ఎవరూ ఏమీ అనేవారు కారు. అదే నాకు భారంగా ఉండేది.

1988 మే నెలలో ఒక మధ్యాహ్నం నాన్నా నేనూ ఒక వృద్ధ దంపతుల పాదుల నుంచి అయిదు క్వింటాళ్ల కాయ ఎత్తుకొని బయలుదేరాము. ఏటి ఒడ్డున రోజూ ఎక్కే బాట మీద ఒక ట్రాక్టరు ట్రాలీ ఇరుసు దాకా కూరుకుపోయి దారి మూసింది. పక్కనుంచి తొక్కని ఇసుకలో వెళ్లక తప్పలేదు. పైరీ వైపు కొండల మీద ఆకాశం నల్లబడి ఉంది. మా నెత్తిన మాత్రం ఎండే. తొట్టిలో కూర్చున్న ముసలాయన పాయ వైపు చూసి, నీరు ఎర్రబడింది బాబూ అన్నాడు. ఆ మాటకు అర్థం మా అందరికీ తెలుసు. ఎగువన ఎక్కడో గట్టి వాన పడింది.

నూరు గజాలు పోయేసరికి వెనుక చక్రాలు దిగబడ్డాయి. తిప్పిన కొద్దీ లోతుకు పోతాయి. నాన్న చెయ్యెత్తి, “ఇంజను ఆపెయ్‌రా” అన్నారు. వరద వస్తున్నప్పుడు ఇంజను ఆపడానికి ఎంత ధైర్యం కావాలో ఆ రోజు తెలిసింది. సగం కాయ దింపాము. గాలి పది పౌండ్లకు దించాము. చక్రాల ముందు ఇసుకను వాలుగా తవ్వి, పాదుల కాపలా గుడిసె నుంచి తెచ్చిన వెదురు తడికలు పరిచాము. తక్కువ వేగపు కడ్డీ లాగి, రెండో గేరులో, క్లచ్చిని గాజు బొమ్మను దించినట్లు వదిలాను. జీపు ఒక్కసారి మూలిగింది, తడికలు పటపట విరిగాయి, బండి కదిలింది. మళ్లీ గట్టెక్కేదాకా ఆగలేదు.

దింపిన కాయను ముసలామె, చుట్టుపక్కల పాదులవాళ్లు నెత్తిన మోసి తెచ్చారు. చివరి నలభై యాభై కాయలను మాత్రం నది తీసుకుంది. ఎర్రటి నీటిలో పచ్చటి కాయలు తేలుతూ పోవడం చూసి ముసలామె ఏడవలేదు, లెక్కపెట్టింది. ఆ సాయంత్రం గట్టు మీది వ్యాపారి సగం ధర చెప్పాడు. మేము కాయను నేరుగా రాయపూర్ మండీకి తోలి, కిరాయి పోను మిగిలినదంతా వారి చేతిలో పెట్టాము. మరుసటి ఏడు ఇసుకలో మాకోసం ఎదురుచూసిన కుటుంబాలు పదకొండు. 1990లో చెల్లి పెళ్లి చేశాము; బ్యాంకు నుంచి తీసిన ఇరవై రెండు వేలకు మరో పదహారు వేలు కలిపి.

నాన్న 1997లో పోయారు. ఆ తరువాత ఏడేళ్లు ఆయన పుస్తకంలో నేనే రాశాను. క్రమంగా నదిలోకి ఇసుక తవ్వేవాళ్లు దిగారు. సాఫీగా ఉండే ఇసుక మేటలో మనిషి లోతు గోతులు పడ్డాయి, పుచ్చపాదులు తగ్గాయి. 2004లో జీపును అమ్మకానికి పెట్టాను. ముగ్గురు వచ్చి రంగు బాగా లేదన్నారు. నాలుగోవాడు బస్తర్ వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. నమస్కారం పెట్టి, చొక్కా విప్పి పక్కన పెట్టి, ఏమీ అడగకుండానే వెల్లకిలా బండి కిందికి దూరాడు. నేను లోపలికి వెళ్లి హ్యాండిల్, పాత అయస్కాంతం తెచ్చి అతని పక్కన పెట్టాను.