బెల్టు మొత్తుకుంది

కారులో ఏసీ ఉండటం వేరు, కారు చల్లగా ఉండటం వేరు. ఈ తేడా తెలియాలంటే మే నెలలో మా నిజామాబాదు రావాలి.

మాది పాత మారుతి 800. కంపెనీవారు 2014లో దాని తయారీ మానేశారు; మేము వాడకం మానలేదు. అమ్మా బాపూ బోధన్‌లో ఉంటారు. అమ్మకు గుండెజబ్బు. ఎండ బొత్తిగా పనికిరాదన్నారు డాక్టరుగారు. ఆమెను నిజామాబాదు ఆసుపత్రికి తేవాలంటే పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి.

పోయిన వేసవిలో, మంగళవారం అమ్మను తేవాలనగా, బండికి జబ్బు చేసింది. ఏసీ మీట నొక్కగానే కీచుమని ఒకటే అరుపు! చల్లగాలి మాత్రం లేదు. మా వీధి పిల్లలు బండి వస్తోందంటే చెవులు మూసుకునేవారు. పక్కింటాయన బెల్టుకు సబ్బు రాయమన్నారు. ఒక మెకానిక్కు బానెట్ ఎత్తకుండానే కంప్రెసర్ పోయిందన్నాడు, పద్నాలుగు వేలట! "అమ్మేద్దామండీ" అంది మా ఆవిడ.

ఆదివారంనాడు బండి బోధన్ తీసుకెళ్లాను. మా బాపు అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గాని, ఆయన చెవులు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

"ఏందిరా, బెల్టు అట్ల మొత్తుకుంటున్నది?" అంటూ బయటికొచ్చారు. సబ్బు సంగతి చెప్పాను. "సబ్బు రాస్తే నోరు మూసుకుంటది. రోగం పోతదా? ఇంజను బందు చెయ్యి" అన్నారు.

కంప్రెసర్‌ను తిప్పేది ఇంజనే. మధ్యవర్తి ఈ రబ్బరు బెల్టు. మీట నొక్కగానే బరువంతా ఒక్కసారిగా దానిమీద పడుతుంది. పట్టు చాలకపోతే జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే నున్నబడి మరింత జారుతుంది. అది పుల్లీని పట్టుకునేది అడుగుభాగంతో కాదు, ఏటవాలు పక్కలతో. మాది అరిగి గాడి అడుక్కి దిగిపోయింది. పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి.

బెల్టు ఊడదీశాక బాపు కంప్రెసర్ పుల్లీని చేత్తో తిప్పిచూశారు. చప్పుడు లేకుండా తిరిగింది. బెల్టుమీద ఆయిలేమైనా కారుతోందా, పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయా అనీ చూశారు. "కంప్రెసర్ మంచిగనే ఉన్నది. బెల్టు మార్చు" అని తేల్చారు. పద్నాలుగు వేల జబ్బు కొన్ని వందలతో సరి!

కొత్త బెల్టు వేసి బిగిస్తుంటే చెయ్యి పట్టుకున్నారు. "మరీ బిగిస్తే బేరింగులు పోతయి." రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు దిగాలట. కొత్త బెల్టు సాగుతుంది గనక నాలుగు రోజులు తిరిగాక మళ్లీ చూసుకోవాలట.

కారు ఏసీకీ బెల్టుకీ ఆదినుంచీ చుట్టరికమే లెండి. అమెరికాలో ప్యాకార్డ్ వారి 1940 మోడలు కార్లలో తొలిసారి ఏసీ వచ్చినప్పుడు, అది వద్దనుకుంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే!

మంగళవారం మిట్టమధ్యాహ్నం, ఎడపల్లి దాటగానే వెనకసీట్లోంచి అమ్మ, "జర తగ్గియ్యి బిడ్డా, చలి పెడుతున్నది" అంది. మే నెలలో, మా జిల్లాలో! బెల్టు ఊడదీసే రోజులు పోయాయి గనక, హాయిగా మీట తిప్పాను.