సందేహ లాభం ఎవరికి?

బండి బ్యాటరీ ఎప్పుడు మార్చాలి? ధమ్మ పత్రికలో రాయదగిన ప్రశ్నేనా ఇది అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. దక్షిణ బస్తర్‌లో పనిచేసే మాకు మాత్రం ఇది తప్పించుకోలేని ప్రశ్న. కోంటా చుట్టుపక్కల ఊళ్ల కోసం మా దగ్గరున్నది ఒక్కటే డీజిల్ జీపు. రోడ్డున్న ఊళ్లకు 108, 102 బండ్లు వస్తాయి. రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగిని మంచం మీద మోసుకొచ్చి, తారు రోడ్డు మొదట్లో దించి మాకు కబురు పెడతారు. కోంటా నుంచి భద్రాచలం 60–70 కిలోమీటర్లు. జగదల్‌పూర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి అయితే దాదాపు 180. అర్ధరాత్రి తాళం తిప్పితే ఇంజను అందుకోవాలి. అందుకోకపోతే, అంత దూరం మంచం మోసిన ఆ నలుగురే మళ్లీ బండిని తోయాలి.

ఈ విషయంలో మనవాళ్లలో రెండు అలవాట్లు చూస్తుంటాం. ఒకటి, పూర్తిగా చచ్చేదాకా వాడటం. తోస్తే స్టార్టవుతుంది కదా అంటారు. రెండోది, షాపులో "మూడేళ్లయింది, మార్చేయండి" అనగానే మార్చేయడం. మొదటిది పొదుపులా, రెండోది జాగ్రత్తలా కనిపిస్తాయి. బ్యాటరీ ఎలా ఉందో మాత్రం ఇద్దరూ చూడరు. మజ్ఝిమ మార్గం పేరు చెప్పి ఈ రెంటికీ నడుమ ఒక తేదీ పెట్టుకుంటే సరిపోదు. ముందు బానెట్ ఎత్తి చూడాలి.

లోపలున్నది పెద్ద రహస్యమేమీ కాదు. ఆరు గదులు, వాటిలో సీసం పలకలు, నీళ్లు కలిపిన గంధకామ్లం. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతే ఈనాటికీ మన బండ్లను కదిలిస్తోంది. చార్జి ఖర్చయినప్పుడు పలకల మీద ఒక తెల్లటి లవణం పేరుకుంటుంది, చార్జి ఎక్కితే కరిగిపోతుంది. ఎక్కువ రోజులు చార్జి లేకుండా వదిలేస్తే అది గట్టిపడి ఇక కరగదు. వేడికి నీళ్లు ఆవిరవుతాయి, పలకలు త్వరగా తినేసుకుపోతాయి.

మా వైపు "బ్యాటరీ చలికి చచ్చింది" అంటారు. జనవరిలో జగదల్‌పూర్ పీఠభూమి మీద తెల్లవారుజామున ఇంజను ఆయిలు చిక్కబడి, బ్యాటరీ మందగించి, సెల్ఫ్ మూలుగుతుంది. కానీ దెబ్బ తగిలింది అప్పుడు కాదు. 45 డిగ్రీల దగ్గరికి వెళ్లే కోంటా మే నెల ఎండలో తగిలింది. చలి దాన్ని బయటపెట్టింది, అంతే. హేతువు ఒక కాలంలో, ఫలం ఇంకో కాలంలో. వానాకాలం ఇంకో రకం పరీక్ష. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, ఇటు శబరి ఎగదన్ని కోంటా మునిగినప్పుడు, మా జీపు రోజుల తరబడి కదలలేదు. అలా నిలిపి ఉంచాల్సి వస్తే నెగటివ్ టెర్మినల్ ఊడదీసి పెడతాం.

లా చదివిన బుద్ధి ఎక్కడికి పోతుంది? సాక్ష్యం లేకుండా ఎవరినీ దోషిగా తేల్చకూడదని నేర్చుకున్నాం. బ్యాటరీకీ అదే వర్తిస్తుంది. పున్నమి రోజు వందనం అయ్యాక మా కార్యకర్తలు మల్టీమీటరు పట్టుకుని జీపు దగ్గరికి వెళ్తారు. బండి రాత్రంతా ఆగి ఉండాలి, ఇంకా తాళం తిప్పి ఉండకూడదు. అప్పుడు 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. తర్వాత సెల్ఫ్ కొడుతూ చూస్తాం. నిండుగా చార్జి ఎక్కిన బ్యాటరీ కూడా 9.6 కిందికి జారితే పలకల్లో సత్తువ లేదని అర్థం. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అంత రాకపోతే ముద్దాయి వేరే ఉన్నాడు, ఆల్టర్నేటరో, వదులైన బెల్టో. టెర్మినళ్ల మీద పట్టిన పొడి, వదులైన ఎర్తింగ్ వైరు కూడా మంచి బ్యాటరీ మీద నింద వేయిస్తాయి. మూతలున్న రకమైతే హైడ్రోమీటరుతో గదిగదికీ గ్రావిటీ చూడాలి. అయిదు గదులు 1.250 పైన ఉండి ఒక్కటి 1.200 దాటకపోతే ఆ గది అయిపోయినట్టే. అంకెలన్నీ ఒక నోటు పుస్తకంలో ఎక్కిస్తాం.

ఇంత చూసినా కొన్నిసార్లు తేలదు. రెండేళ్ల కిందట చలికాలానికి ముందు అదే జరిగింది. చార్జింగు బాగానే ఉంది. పొద్దున 12.3 చూపిస్తోంది, సెల్ఫ్‌లో 9.8కి దిగుతోంది. మెకానిక్ తమ్ముడు చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"ఇంకో చలికాలం లాగుద్ది సార్. ఎందుకు దండగ?"

"లాగకపోతే, తమ్ముడూ?"

"తోసుకోవడమే."

అతని మాటలో తప్పులేదు. కోర్టులో సందేహం మిగిలితే లాభం ముద్దాయికి ఇస్తారు, ఎందుకంటే పొరపాటు తీర్పు భారం మోయాల్సింది అతనే. బ్యాటరీ విషయంలో పొరపాటు భారం ఎవరు మోస్తారు? ఊళ్లో తిరిగే బండి అయితే యజమాని మోస్తాడు. పక్క వీధిలో మెకానిక్ ఉంటాడు, ఓ గంట ఆలస్యమవుతుంది. అతను ఇంకో చలికాలం ఆగడం న్యాయమే. మా జీపులో ఆ భారం వెనక సీటులో నొప్పులు పడుతున్న తల్లి మీద పడుతుంది. సందేహ లాభం ఆమెది. అవే అంకెలకు రెండు బండ్లలో రెండు తీర్పులు, రెండూ సరైనవే. మేం మార్చేశాం.

అలాగని సందేహం పేరుతో ఇష్టమొచ్చినట్టు మార్చే హక్కు మాకు లేదు. ఈ జీపు చందాలతో నడుస్తుంది. 2024 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో స్టాండర్డ్ బస్తా తునికాకుకు 5,500 రూపాయలు ఇస్తున్నారు. బస్తా అంటే 1,000 కట్టలు, కట్టకు 50 ఆకులు. మా బ్యాటరీ ధర అటూ ఇటుగా ఒక బస్తా, అంటే మండుటెండలో వంగి కోసిన 50,000 ఆకులు. మూడేళ్లు నడవాల్సిన దాన్ని ఆరు నెలల ముందు పారేస్తే 8,000 పైచిలుకు ఆకులు పారేసినట్టు. ప్రజ్ఞ, కరుణ కలిసే ఉండాలని బాబాసాహెబ్ పదేపదే చెప్పింది ఇలాంటి చిన్న లెక్కల్లోనూ పనికొస్తుంది.

మార్చాక పాతదాని సంగతి మిగిలింది. ఒక కుర్రవాడు వచ్చి, "అన్నా, పాతది మాకియ్యండి. ఇంట్లో లైటుకి, ఫోన్ చార్జింగుకి పనికొస్తది" అన్నాడు. కాదనడం కష్టమైంది. కానీ బండి బ్యాటరీ ఒక్కసారిగా బలం ఇచ్చేందుకు చేసినది. రాత్రంతా బల్బు వెలిగిస్తే కొన్నాళ్లకే చచ్చిపోతుంది. ఆ తర్వాత దాన్ని పగలగొడతారు. యాసిడ్ నేలపాలు, సీసం కరిగించి వల గుళ్లు. ఆ పొయ్యి పక్కనే పిల్లలు ఆడుకుంటారు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి తెచ్చిన నివేదిక చెప్పింది. పాత బ్యాటరీలను ఇష్టారాజ్యంగా పగలగొట్టి సీసం తీయడం అందులో పెద్ద కారణం. ఉపాసకులు చేయకూడదని బుద్ధుడు చెప్పిన అయిదు వ్యాపారాల్లో విషం ఒకటి. అమ్మకపోయినా, ప్రేమతో ఇచ్చినా, విషం విషమే.

చట్టమూ ఆ మాటే అంటుంది. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాతదాన్ని చెత్తలో కలపకుండా, సేకరించి రీసైకిల్ చేసేవాళ్లకు చేర్చాల్సిన బాధ్యత వాడినవాళ్లది కూడా. డీలరుకు ఇచ్చి బిల్లులో తగ్గింపు తీసుకున్నాం. ఆ డబ్బుకు కొంత కలిపి కుర్రవాడికి సోలార్ లాంతరు కొనిచ్చాం. మా ప్రాంతంలో బ్యాటరీ, వైర్లు పట్టుకుని చెక్‌పోస్టు దాటితే ప్రశ్నలు తప్పవు. అందుకే ఆ బిల్లు ఇప్పటికీ జీపులోనే ఉంటుంది.

ఎనభై ఏళ్ల వయసులో బుద్ధుడు తన దేహాన్ని తాళ్లు కట్టి నడిపిస్తున్న పాత బండితో పోల్చాడని మహాపరినిబ్బాన సుత్తం చెబుతుంది. అరిగిపోయిందని దాచలేదు, భయపడలేదు. ఎంత దూరం లాగగలదో తెలుసుకుని అంత దూరం నడిచాడు.

ఇప్పుడున్న బ్యాటరీకి రెండేళ్లు నిండాయి. మొన్నటి పున్నమికి 12.6, సెల్ఫ్‌లో 10.4. షాపులో మార్చమన్నా మార్చం. ఎండలు పోయాక జ్యేష్ఠ పున్నమి నాడు చూస్తాం. అంకెలు తేలకుండా ఉంటే, వానలు పడకముందే మారుస్తాం. విహారాలకు, సంఘాలకు బండ్లు నడిపే మిత్రులు కూడా ఇలాంటి నోటు పుస్తకం ఒకటి డాష్‌బోర్డులో పెట్టుకోవాలని మా మనవి.