చిన్నవని తీసేసినవి

సాహిత్యంలో డాక్టరేట్ చేశావు కదా, ఇప్పుడేం చేస్తున్నావని అడిగినవాళ్లకి చాలాకాలం నేను సూటిగా జవాబు చెప్పలేదు. కాంట్రాక్టు లెక్చరర్ ఉద్యోగం పోయాక హైదరాబాదులో ఒక ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరాను. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల కోసం పుస్తకాలు రాయడం నా పని. నాకు మొదట అప్పగించిన అధ్యాయం ‘మెష్ రాకపోతే ఏం చెయ్యాలి?’ కథల గురించి రాసిన చేత్తో ఇది రాయాల్సి వచ్చిందే అని మొదట్లో సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఎక్కడ పోయిందో, దాని బదులు ఇంకో సిగ్గు ఎక్కడ మొదలైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మెష్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఒక ఇనుప పలక మీద నీటి బరువు పడితే అది ఎక్కడ ఎంత వంగుతుందో మొత్తం పలకకి ఒకేసారి లెక్క కట్టడం కష్టం. అందుకని దాన్ని చిన్న చిన్న త్రికోణాలుగానో చతుర్భుజాలుగానో, గట్టి వస్తువైతే నాలుగు ముఖాల ముక్కలుగానో విడగొట్టి, ఒక్కో ముక్కకీ సులువైన లెక్క వేసి, అన్నిటినీ కలుపుతారు. రిచర్డ్ కూరాంట్ అనే గణితవేత్త 1943లో త్రికోణాలతో ఇలాంటి పద్ధతి చూపించాడు. 1960లో రే క్లఫ్ దీనికి ‘ఫైనైట్ ఎలిమెంట్’ అని పేరు పెట్టాడు. ఆ ముక్కల అల్లికే మెష్. బొమ్మలో తప్పుంటే అల్లిక రాదు. వచ్చినా దాన్ని నమ్మడానికి వీల్లేదు.

2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. మా ఊరు మాధవరం మంత్రాలయం పక్కనే ఉంటుంది. 2009 అక్టోబరులో మంత్రాలయాన్ని ముంచిన వరద మావాళ్లు ఇంకా మరిచిపోలేదు. వారం రోజుల్లో అక్కడ తాత్కాలిక గేటు దించేదాకా మా అమ్మ ప్రతి పూటా నాకు ఫోన్ చేస్తూనే ఉంది. ఎం.టెక్. చదువుతున్న మా అక్క కూతురు అప్పుడే నిశ్చయించుకుంది, తన ప్రాజెక్టు డ్యామ్ గేటు మీదేనని. ఆ గేటు ఎందుకు పోయిందో తేల్చడం నిపుణుల పని. దీనిది క్లాసు అభ్యాసం. నీటిని ఆపే పలక, దాని వెనక బలానికి పెట్టే పట్టీలు, గేటుని పైకెత్తడానికి గొలుసు తగిలించే చెవి. అంతే.

ఆ తర్వాత వచ్చిన సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం మాధవరంలో ఉన్నాం. మా వీధిలో చాలా ఇళ్లకి తాళాలు. అందరూ సుగ్గికి పోయారు. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోయి నెలల తర్వాత తిరిగి రావడాన్ని మా వైపు సుగ్గి అంటారు. పిల్ల ఉచితంగా దొరికే జీమెష్‌లో బొమ్మ గీసుకుని రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చుంది. ‘‘చిన్నమ్మా, పైన బాగానే వస్తాంది. లోపల నింపమంటే ఆగిపోతాంది’’ అంది.

నా పుస్తకంలో నేనే రాసిన వరసలో అడిగాను. కొలతలు మిల్లీమీటర్లా, మీటర్లా? ముందు ఉపరితలం అల్లిక ఒక్కటే చూశావా? లోపల పూర్తిగా గట్టిగా ఉన్న వస్తువుకి ప్రతి అంచునీ సరిగ్గా రెండు ముఖాలు పంచుకోవాలి. ఒకే ముఖానికి అతుక్కున్న అంచు ఉందంటే అక్కడ చిల్లి ఉన్నట్టే. వెతికితే దొరికింది. పలకనీ, వెనక పట్టీలనీ వేరువేరుగా గీసి పక్కపక్కన ఆనించింది. కంటికి ఒకే గీత. మెషిన్‌కి మాత్రం ఒకదాని మీద ఒకటి పడుకున్న రెండు గీతలు. పలక వైపు ఒక పొడుగు ముక్క ఉన్నచోట పట్టీ వైపు రెండు పొట్టి ముక్కలు వస్తున్నాయి, మూలకి మూల కలవడం లేదు.

అరుగు మీద బొంత కుడుతున్న అమ్మ తలెత్తి చూసింది. ‘‘ఏందే మీ రగడ?’’ అంది. పిల్ల వివరించబోయి ఆగిపోయింది. నేనే ఆ తెర అమ్మకి చూపించాను. ‘‘దీంట్లో ఏముంది! పెద్ద పీలిక పక్కన రెండు చిన్న పీలికలు పెడితే, ఆ రెండూ కలిసే కాడ పెద్దదాన్ని గూడ పట్టుకోని కుట్టాల. లేకుంటే లాగినప్పుడు ఆడ నోరు తెరుస్తాది’’ అంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ కుట్టు పేరు బూలియన్ ఫ్రాగ్‌మెంట్స్. ఆనుకున్న భాగాలన్నీ ఒకే అంచుని పంచుకునేలా అది బొమ్మని మళ్లీ కోసి కలుపుతుంది. ఆ పని చేశాక సగం సమస్య తీరిపోయింది.

మిగిలిన సగం ఆ చెవి మొదట్లో ఉంది. చెవి పలకని కలిసేచోట లోపలి మూలని కొంచెం గుండ్రంగా చేస్తారు. దాన్ని ఫిల్లెట్ అంటారు. అక్కడ వెంట్రుకంత సన్నటి ముఖాలు మిగిలిపోయి, వాటి మీద అల్లిన ముక్కలు చితికిపోతున్నాయి. ‘‘మా సీనియర్ ఆ ఫిల్లెట్ తీసెయ్యమన్నాడు. చిన్నదే గదా అన్నాడు’’ అంది పిల్ల. తీసేసింది. క్షణంలో మెష్ వచ్చింది. ఎగిరి గంతేసింది.

‘‘ముక్కలు ఇంకా చిన్నవి చేసి చూడు’’ అన్నాను. సరైన బొమ్మ అయితే ముక్కలు చిన్నవయ్యే కొద్దీ జవాబు ఒకచోట నిలబడాలి. ఆ మూల దగ్గర ఒత్తిడి మాత్రం ప్రతిసారీ పెరుగుతూనే పోయింది. గుండ్రం లేని పదునైన లోపలి మూలలో లెక్క ప్రకారం ఒత్తిడికి హద్దు ఉండదు. మెష్‌ని ఎంత సన్నగా అల్లితే అంకె అంత పెద్దదవుతుంది. బరువంతా మలుపు తిరిగేది సరిగ్గా అక్కడే. చిన్నదని తీసేసింది ఆ మలుపుని. ఫిల్లెట్‌ని శుభ్రంగా మళ్లీ గీసి, అక్కడ మాత్రం సన్నటి ముక్కలూ మిగతాచోట్ల పెద్ద ముక్కలూ వేశాక అంకె నిలబడింది.

చిన్నవాటిని తీసెయ్యడం తప్పు కాదు. పలక మీద చెక్కిన కంపెనీ పేరు తీసేస్తే నష్టం లేదు. ఏది తీసెయ్యొచ్చో దాని సైజు చెప్పదు. మనం అడుగుతున్న ప్రశ్న చెబుతుంది. ఈ వాక్యం నా పుస్తకంలో రాసి అప్పటికి ఏడాది దాటింది. కానీ అది నాకూ వర్తిస్తుందని ఆ మధ్యాహ్నం దాకా తట్టలేదు.

నా పరిశోధన రాయలసీమ కథల్లో కరువూ వలసా. మొదటి ప్రతిలో ఒక అధ్యాయం మా ఊరి ఆడవాళ్లది. సుగ్గికి పోయివచ్చిన పదకొండు మంది చెప్పిన మాటలు, దాదాపు నలభై పేజీలు. అందులో మా అమ్మ కూడా ఉంది. నేను నాలుగో తరగతిలో ఉండగా నన్ను బడి మాన్పించి వెంట తీసుకుపోయిన సంగతి ఆమె చెప్పింది. పొలం గట్టున కట్టుకున్న గుడిసెలో నెలసరి రోజులు ఎలా గడిచేవో కూడా చెప్పింది. ‘శాంపిల్ చాలా చిన్నది, పైగా ఇది సాహిత్యం కాదు’ అన్నారు గైడు. తీసేశాను. వాదించలేదు. మిగిలిన అధ్యాయాలు నున్నగా అతుక్కున్నాయి, వైవాలో ఒక్క ప్రశ్న కూడా పదునుగా రాలేదు. కథల్లోని వలస గురించి అంత రాసి, ఆ బరువు ఆడవాళ్ల ఒంటి మీద మలుపు తిరిగే చోటుని నా చేత్తో నేనే చెరిపేశాను.

కూరాంట్ ఆ పద్ధతి ప్రచురించిన 1943లోనే మద్రాసు గిండీ కాలేజీలో అయ్యలసోమయాజుల లలిత ఇంజనీరింగ్ పూర్తి చేసింది. దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన తెలుగామె. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చంటిబిడ్డతో చదువుకుంది. ఆమె పట్టాలో ‘అతడు’ అని ముందే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి ‘ఆమె’ అని రాసిచ్చారట. అచ్చులో ఆమెకి చోటు లేదు, కొట్టివేత పక్కన దొరికింది. నాకు అచ్చులోనే చోటు దొరికింది. కొట్టివేసింది మాత్రం నేనే.

సాయంత్రం పిల్ల తన ఫలితాలు దాచుకుంటుంటే అమ్మ ఉన్నట్టుండి అడిగింది, ‘‘ఆ పొద్దు నేను చెప్పిందంతా నీ పుస్తకంలో యాడ పెట్టినావు?’’

ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న వస్తుందని భయపడుతూనే ఉన్నాను. ‘‘తీసేసినానమ్మా’’ అన్నాను. కారణాలు చెప్పబోతే చెయ్యి ఊపి ఆపేసింది. కాసేపు సూది ఒక్కటే కదిలింది.

‘‘అయితే మల్లా చెప్పాల్నా?’’ అంది.

లోపలికి పోయి పాత పెన్‌డ్రైవ్ వెతికి తెచ్చాను. ఆ అధ్యాయం అలాగే ఉంది. మొదటి పేరా చదివి వినిపించాను. ‘‘మూడు నెలలు గాదు, నాలుగు’’ అంది అమ్మ. ‘‘ఉగాదికి గూడ ఆడనే ఉంటిమి. దిద్దు.’’

దిద్దాను.