రొదలో ఒక మాట

రేడియో వినడమంటే సగం మాట, సగం గరగర అని మా చిన్నతనంలో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. విజయవాడ కేంద్రం నుంచి నాటకం వస్తుంటే, సరిగ్గా నాయిక నోరు విప్పే వేళకి వీధిలోంచి స్కూటరొకటి పోయేది. టపటపటప! ఆవిడ పెళ్లికి వొప్పుకుందో కాదందో ఆ స్కూటరువాడికే తెలియాలి. తర్వాత టీవీ వచ్చింది. పక్కవాటాలో మిక్సీ వేస్తే, మన యింట్లో వార్తలు చదివే ఆవిడ ముఖం నిండా తెల్లచుక్కలు. పచ్చడి వాళ్లది, చుక్కలు మనవి.

ఆ రెండింటికీ కారణం ఒకటేనట. నిప్పురవ్వ. విద్యుత్తు ఎక్కడ చిటుక్కుమని గెంతినా అదొక బుల్లి రేడియో స్టేషను. వైర్‌లెస్ పుట్టిన తొలిరోజుల్లో వార్తలు పంపింది కూడా అలాంటి రవ్వలతోనే. స్కూటరు ప్లగ్గులోనూ, మిక్సీ మోటారు బ్రష్షుల దగ్గరా పుట్టే రవ్వలు పిలవని పేరంటానికొచ్చినట్టు మన రేడియోలోకి వచ్చి కూర్చుంటాయి.

బి.ఏ. తెలుగు చదివి నవలలు రాసుకునేదాన్ని, నాకీ సంగతులు ఎలా తెలిశాయంటే, అమెరికాలో మా చెల్లెలి యింటికి వెళ్లి, ఒక పికప్ బండి బానెట్ కింద తలపెట్టి నేర్చుకున్నాను. "నయాగరా చూశారా?" అని అడిగినవాళ్లకి యీ జవాబు చెబితే జాలిగా చూస్తున్నారు.

మా మరిది చమురు బావుల దగ్గర ఇంజనీరు. టెక్సాస్ రాష్ట్రం పడమటి కొసన పెకోస్ అనే వూరుంది. కర్బూజాలకి పేరుపడ్డ వూరు. దానికి కొంచెం అవతల కాపురం. ఎటు చూసినా నేల, ఆకాశం, మధ్యలో గంగిరెద్దుల్లా తలలూపుతూ చమురు తోడే యంత్రాలు. పొరుగిల్లంటే మైలు దూరం. బావులవైపు వెళ్లే రోడ్లలో చాలాచోట్ల సెల్‌ఫోను పలకదు. అందుకని ఆయన బండిలో ఒక సి.బి. రేడియో, యింట్లో మరొకటి పెట్టుకున్నారు.

సి.బి. అంటే సిటిజన్స్ బ్యాండు. పోలీసులకీ, విమానాలకీ, సైన్యానికీ పంచగా మామూలు జనం మాట్లాడుకోవడానికని కొంత చోటు వదిలారు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర 1958లో దీన్ని ఏర్పాటు చేశారు. 1973లో చమురు కరువొచ్చి, ఆ మరుసటేడు దేశమంతటా గంటకి 55 మైళ్లు దాటకూడదని చట్టం చేసేసరికి, లారీవాళ్లు దీన్ని అందిపుచ్చుకున్నారు. డీజిలు ఏ బంకులో దొరుకుతుంది, పోలీసు ఏ మలుపులో పొంచి వున్నాడు, యివీ కబుర్లు. చూస్తూండగా దేశానికంతా పిచ్చి పట్టింది. 23 ఛానెళ్లు చాలక 1977లో 40 చేశారు. లైసెన్సు యిచ్చీ యిచ్చీ విసిగి 1983లో అదీ అక్కరలేదన్నారు. ఇందులో ఎవరూ అసలు పేరు చెప్పరు, మారుపేర్లే. అధ్యక్షుడు ఫోర్డ్ గారి భార్య బెట్టీ ఫోర్డ్ అంతటి ఆవిడ 'ఫస్ట్ మామా' అని పెట్టుకుంది. మా చెల్లి పేరు 'గోంగూర'. టెక్సాస్ లారీడ్రైవర్లు దాన్ని 'గాన్‌గోరా' అని సాగదీసి పిలుస్తుంటే ఏదో స్పెయిను రాణి పేరులా వుంటుంది.

(మన దేశంలోనూ 2005 నుంచి యీ బ్యాండులో 5 వాట్ల లోపు సెట్టుకి లైసెన్సు అక్కరలేదు. ఎవరైనా వాడుతుండగా నేను చూడలేదు. మనకి మేడ మీంచి కేకేసే అలవాటు వుండనే వుంది.)

సెల్‌ఫోన్లొచ్చాక అక్కడ కూడా సి.బి. సందడి బాగా తగ్గింది. లారీవాళ్లు మాత్రం 19వ ఛానెల్ వదల్లేదు. 9వది ఆపద వేళకి.

ఇంతకీ మా వాళ్ల చిక్కేమిటంటే, రేడియో వుంది గాని మాట లేదు. బండి స్టార్టు చేయగానే ఒక యీల. గేరు మార్చి వేగం పెంచితే యీల పైస్థాయికి వెళ్తుంది. దానికి తాళం వేస్తూ టకటకటక. అన్నిటి కిందా నూనెలో అప్పడం వేగుతున్నట్టు చుయ్‌మని ఒక మోత. ఇంటి దగ్గర చెల్లి సాయంత్రమయ్యేసరికి సెట్టు ముందు కూర్చునేది.

"జవాబు రాకపోతే ఫరవాలేదక్కా. నేను పిలిచింది ఆయనకి వినపడలేదా, వినపడీ చెప్పలేని స్థితిలో వున్నారా, అదే తెలీదు," అంది ఒకరోజు, పప్పులో తిరగమోత వేస్తూ, నావైపు చూడకుండా. అంతవరకు నాకు అదొక ఆటవస్తువు. ఆ మాటతో కాదని తెలిసింది.

మా మరిది ఊరుకోలేదు పాపం. స్క్వెల్చ్ అని ఆ సెట్టుకి ఒక మీట వుంటుంది. దాన్ని తిప్పితే గరగర చటుక్కున ఆగిపోయి, హాయిగా నిశ్శబ్దంగా వుంటుంది. అయితే అది చేసేదల్లా ఒక గీత గీసి, ఆ గీతకి పైన వున్న గట్టి మాటల్నే లోపలికి రానివ్వడం. దూరంనుంచి సన్నగా వచ్చే పిలుపు గరగరతోపాటే గుమ్మం బయట ఆగిపోతుంది. ఇంట్లో గొడవ లేదని సంతోషపడే మగవాళ్లందరి చేతిలోనూ యిలాంటి మీటొకటి వుంటుందని నా అనుమానం. అది కాక, ఎవరో సలహా యిచ్చారని, శక్తి పెంచే పెట్టె ఒకటి కొనే ఆలోచనలో పడ్డాడు. చట్టప్రకారం మామూలు సి.బి. సెట్టు 4 వాట్లు దాటకూడదు. ఆ పెట్టె తగిలిస్తే నేరం.

దాన్ని కొననివ్వనిది మైలు దూరంలో వున్న పొరుగింటి పెద్దాయన. నలభై యేళ్లు లారీ తోలి దిగినవాడు. "నువ్వు గట్టిగా అరిస్తే అవతలివాడికి వినపడుతుంది. నీకేం వినపడుతుంది? ముందు బండి నోరు మూయించు," అన్నాడట. ఆదివారం పొద్దున్నే పనిముట్ల పెట్టెతో దిగాడు.

ఆయన మొదట చేసిన పని నాకెంతో నచ్చింది. ఇంజను నడుస్తుండగానే రేడియో వెనకనుంచి ఏంటెనా తీగ వూడదీశాడు. ఆ స్థితిలో మాట్లాడే బొత్తాం మాత్రం నొక్కకూడదట, సెట్టు కాలిపోతుంది. ఊరికే వినాలి. టకటక, చుయ్‌మనడం ఆగిపోయాయి, యీల మిగిలింది. అంటే యీల కరెంటు తీగ వెంట వస్తోంది, తక్కినవి గాలిలోంచి ఏంటెనా పట్టుకుంటోంది. దొంగలు ఏ గుమ్మంలోంచి వస్తున్నారో తేలిపోయింది. జ్వరమంటే చాలు మాత్ర రాసిచ్చే డాక్టర్లని చూసిన కళ్లకి, యిది చూడముచ్చటగా వుంది.

ఈల ఆల్టర్నేటరుది. బ్యాటరీకి ఛార్జి ఎక్కించే యంత్రం. రేడియోకి కరెంటు సిగరెట్ లైటరు బొరియలోంచి, అంటే బండిలోని సవాలక్ష సామాన్లు వాడుకునే తీగలోంచే తీసుకున్నారు. ఆ తీగ తీసేసి, రెండు కొత్త తీగలు తిన్నగా బ్యాటరీ దగ్గర్నుంచి లాగి, మొదట్లోనే ఫ్యూజు పెట్టాడు. ఈల ముప్పాతిక పోయింది. మిగిలిన పావుకి ఫెరైట్ గుండు. మీ లాప్‌టాప్ ఛార్జరు తీగ మీద గొంతులో మాత్ర అడ్డం పడ్డట్టు వుబ్బుగా వుంటుందే, అదే.

టకటక అంటే ఇంజను ప్లగ్గుల రవ్వలు, మన స్కూటరు చుట్టమే. పాతబండి కావడాన ప్లగ్గులకెళ్లే తీగలు చీకిపోయాయి. నిరోధం వున్న ప్లగ్గులు, మంచి తీగలు వేశారు. చాలావరకు తగ్గింది. చుయ్‌మనే మోత మాత్రం ఎంతకీ దొరకలేదు. ఒక్కొక్కటే ఆపుతూ వచ్చారు, ఫాను, వైపరు, లైట్లు. చివరికి దొరికింది, మా మరిది ఫోను ఛార్జరు! బొటనవేలంత వస్తువు, చవకది. పీకగానే బండిలో అమావాస్య అర్ధరాత్రంత నిశ్శబ్దం. ఫోను పలకని చోటికని రేడియో పెట్టుకుంటే, ఆ పలకని ఫోను రేడియోని కూడా పలకనివ్వలేదన్నమాట.

అసలు పెద్దపని ఏంటెనాది. 27 మెగాహెర్ట్జ్ అంటే అల పొడవు సుమారు 11 మీటర్లు. అందులో నాలుగోవంతు ఏంటెనా కావాలి, అంటే తొమ్మిదడుగులు. అంత పొడుగు కుదరక, నాలుగడుగుల కర్రకి తీగ చుట్టి సరిపెడతారు. అయితే నాకు తెలియనిది, కర్ర సగమేనట. మిగతా సగం బండి ఒళ్లే. ఆ లోహమంతా ఏంటెనాకి అద్దంలా పనిచేస్తుంది. పికప్‌లో తిరకాసు యిక్కడుంది. చూడటానికి ఒకే బండిలా వుంటుంది గాని, ముందు క్యాబిను వేరు, వెనక సామాన్ల తొట్టి వేరు. రెండూ ఒకే చట్రం మీద విడివిడిగా కూర్చున్నాయి. మధ్యన రబ్బరు మెత్తలు, బోల్టుల చుట్టూ పెయింటు, తుప్పు. ఏంటెనా తొట్టి అంచుకి బిగించారు. అక్కడ పెయింటు గీకలేదు. అందుకని అది దేనికీ అంటుకోకుండా అత్తగారింట్లో కొత్తకోడలిలా ఒంటరిగా నిలబడింది.

ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరని ఒకటుంది. పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెబుతుంది. 1.5 వుంటే నూటికి నాలుగు వంతులే వెనక్కి. 3 వుంటే పావువంతు వెనక్కి. అది సెట్టుకే చేటు. మా వాళ్లది 3 దాటింది. పెద్దాయన ఏంటెనా మొదట్లో పెయింటు తళతళలాడేదాకా గీకించాడు. తొట్టికీ చట్రానికీ, క్యాబినుకీ చట్రానికీ, బానెట్‌కీ ఒంటికీ, రబ్బరు మీద వేలాడే సైలెన్సరు గొట్టానికీ, రాగితీగలు జడలా అల్లిన పట్టీలు బిగించాడు. జడలల్లడం తెలిసినదాన్ని కనక పట్టీలు అందించే వుద్యోగం నాది. తర్వాత ఆరుబయట తలుపులు మూసి 1వ ఛానెల్‌లోనూ 40వ ఛానెల్‌లోనూ కొలిచారు. 1లో ఎక్కువొస్తే ఏంటెనా పొట్టి, 40లో ఎక్కువొస్తే పొడుగు. కొసనున్న మరను కాస్త కాస్త తిప్పుతూ, పెసరట్టు అంచు లేపి చూసినట్టు చూస్తూ, రెండు చోట్లా 1.5 దగ్గరికి తెచ్చారు. మధ్యాహ్నం రెండయింది. పెద్దాయన ఆవకాయన్నం తిని, మంచినీళ్లు రెండు చెంబులు తాగి వెళ్లాడు.

అన్నీ మన చేతిలో లేవు లెండి. పెద్ద కరెంటు తీగల కిందా, కొన్ని బావుల యంత్రాల పక్కనా రొద వచ్చిందంటే దాటిపోవడమే మార్గం. సూర్యుడి మీద మచ్చలు పెరిగే యేళ్లలో, 2024 ప్రాంతంలో అయినట్టు, వేలమైళ్ల అవతలివాళ్ల మాటలు ఆకాశం మీద పడి తిరిగొచ్చి మన పక్కవాడి మాటని తొక్కేస్తాయి. అదేం మాయో, ఆ మచ్చల తంతు కూడా పదకొండేళ్లకోసారి.

తర్వాత రెండువారాలకి మిడ్‌లాండ్ నుంచి సరుకులు వేసుకుని నేనూ మా మరిదీ తిరిగొస్తున్నాం. ఒడెస్సా దాటాక, పడమట మట్టిగోడ లేచింది. నిజంగా గోడే, నేలనుంచి ఆకాశందాకా యిటుకరంగు. ఆ దేశంలో వసంతకాలపు గాలులకి మామూలేనట. దుమ్ము ఏంటెనాకి రాసుకుని దానికదే చిటపటలాడుతుంది. కొసన చిన్న గుండు పెట్టేది కొంత అందుకే. ఆ చిటపటల అడుగున, బహు సన్నగా, ఎవరో లారీ ఆయన గొంతు. కుడివైపు వరసలో ఒక బండి ఆగిపోయి వుంది, దాని వెనక యింకొకటి, వచ్చేవాళ్లు చూసుకోండి, అని ఫలానా మైలురాయి నెంబరు చెబుతున్నాడు. మా మరిది మైలురాయి చూశాడు. ఇంకా మూడు మైళ్లు. స్క్వెల్చ్ మీట గీత పైకి వుంటే ఆ గొంతు మాదాకా రాదు.

అక్కడే రోడ్డు దిగిపోయాం. దుమ్ములో ఆగితే లైట్లు ఆర్పేయాలి, బ్రేకు మీంచి కాలు తీసేయాలి. వెనకవాడు మన ఎర్రలైటు చూసి అదే రోడ్డనుకుని మీదికొస్తాడు. చీకట్లో, సరుకుల సంచీలోంచి కరివేపాకు వాసన వస్తుంటే, ముప్పావుగంట కూర్చున్నాం. "భయంగా వుందా వదినగారూ?" అన్నాడు. "మీకు?" అన్నాను. జవాబు చెప్పలేదు.

గాలి తగ్గాక మెల్లగా బయల్దేరాం. ఇల్లు ఎనిమిది మైళ్లుందనగా మైకు నా చేతికిచ్చాడు. బొత్తాం నొక్కి "గోంగూరా..." అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వుంది. వదలగానే, గరగర లేకుండా, పక్కగదిలోంచి వచ్చినట్టు,

"వినపడుతోందక్కా. దోసకాయ పప్పు చేశాను. ఇప్పుడు కుక్కర్ పెట్టనా, యింకాసేపు ఆగనా?"