కల్లు కుండలో అల్ప్రాజోలం

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం అనగానే మనకు గుర్తొచ్చేవి మందుల ఫ్యాక్టరీలు, వాటి వాసన. దేశదేశాలకు మందులు పంపే ప్రాంతం ఇది. పక్కనే ఇంకో వ్యాపారం కూడా ఉంది. దొంగచాటుగా అల్ప్రాజోలం తయారుచేసేవాళ్ళు సంగారెడ్డి జిల్లాలో పోలీసులకు ఒకసారి కాదు, చాలాసార్లు దొరికారు. ఆ పొడి ఎక్కడికి పోతుందో తెలంగాణలో తెలియనిదెవరికి? కల్లు కుండలోకి.

బీరంగూడలో మా ఇల్లు కడుతున్నప్పుడు సుతారి పనికొచ్చిన ఒకాయన, కల్లు దుకాణం మూయించిన రెండో రోజున ఫిట్సొచ్చి పడిపోయాడు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "కల్లు మానేసి ఎన్ని రోజులైంది?" పదో తరగతితోనే జీవశాస్త్రానికి దణ్ణం పెట్టి ఎంపీసీలో చేరిన నేను, ఆ ప్రశ్న వల్ల మళ్ళీ పుస్తకాలు పట్టాను.

మెదడు కణాలను శాంతపరిచే రసాయనం గాబా. అది పనిచేసే గాబా-ఎ రిసెప్టరు ఒకే ముక్క కాదు. ఐదు ప్రొటీన్ ముక్కలు గుండ్రంగా కూడితే మధ్యలో ఒక దారి ఏర్పడుతుంది. అది తెరుచుకుంటే క్లోరైడు అయాన్లు లోపలికి పోయి కణం నెమ్మదిస్తుంది. మనిషిలో ఈ ముక్కలు 19 రకాలు. ఎక్కువగా కనిపించే కూర్పు రెండు ఆల్ఫా, రెండు బీటా, ఒక గామా. సరిగ్గా కూడని ముక్కలను కణం పైపొర దాకా రానివ్వదు, లోపలే తుక్కు చేసేస్తుంది. బిల్డు ఫెయిలైతే రిలీజు లేదన్నమాట!

గాబా అతుక్కునేది బీటా-ఆల్ఫా సందుల్లో. అల్ప్రాజోలం అతుక్కునేది ఆల్ఫా-గామా సందులో. ఈ జాతి మందులకు గామా ముక్క కావాలని 1989లోనే తేలింది. 2019లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు ఆ సందులో కూర్చున్న అల్ప్రాజోలాన్ని క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపించారు కూడా. అది తనంతట తాను తలుపు తీయదు, గాబా తీసే తలుపును ఇంకా తేలిక చేస్తుంది.

రోజూ ఇదే జరిగితే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, మందుకు స్పందన తగ్గుతుంది. హఠాత్తుగా ఆపితే బ్రేకు పట్టదు. వణుకు, భ్రమలు, ఫిట్సు. 2015లో కల్తీకల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు ఇలాంటివాళ్ళే వరసకట్టారు.

అయితే దాడులు వద్దంటావా అంటారేమో. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయాక ఆ మాట ఎవరంటారు? చేసేవాణ్ణీ కలిపేవాణ్ణీ జైల్లో పెట్టాల్సిందే. కానీ ఏళ్ళ తరబడి ప్రొడక్షన్లో నడుస్తున్న సర్వీసుని మనం ఒక్క రాత్రిలో పీకేస్తామా? దానిమీద ఏవేవి ఆధారపడ్డాయో చూసుకుని మెల్లగా ఆపుతాం. ఈ మందు విషయంలో డాక్టర్లు చేసేదీ అదే, డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. దుకాణానికి తాళం పడేరోజుకి దగ్గర్లోని సర్కారు దవాఖానాలో మందూ డాక్టరూ సిద్ధంగా ఉండాలి.

కూలిపని చేసుకునే మనిషికి తన సీసాలో ఏముందో తెలియదు, ఎంతుందో అసలే తెలియదు. తాగుబోతని ఈసడించేముందు ఇది గుర్తుంచుకుందాం. అదే ఆల్ఫా-గామా సందు, నిద్రపట్టక అదే మాత్ర వేసుకునే మన సాఫ్టువేరు తలల్లోనూ ఉంది. తేడా అల్లా డాక్టరు రాసిన చీటీ. మీలో ఎవరైనా వాడుతుంటే, డాక్టర్ని అడక్కుండా ఒక్కసారిగా మాత్రం ఆపెయ్యకండి.