వాడరేవు ఒడ్డున అరచేతిలో దిగే విమానం

చీరాలలో రైలు దిగి, స్టేషను బయట ఆటో మాట్లాడుకుంటే వాడరేవు ఆరేడు కిలోమీటర్లు. వూరు దాటగానే తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు. ఆ పైన ముఖానికి తగిలే వుప్పుగాలి. పేరు చూసి పెద్ద పెద్ద స్టీమర్లు ఆగే చోటనుకునేరు! ‘వాడ’ అంటే ఓడే. వాడబలిజ అనే మాటలో వున్న వాడ కూడా ఇదే. కాని ఇప్పుడు ఒడ్డున కనిపించేవి చేపల పడవలు, ఆరవేసిన వలలు, ఆదివారం వచ్చిందంటే పిల్లాపాపలతో, పులిహోర డబ్బాలతో దిగే జనం. మా పెద్దవాళ్ళు దీన్ని గుంటూరు జిల్లా అనే వారు. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశంగారి పేరు పెట్టారు. 2022 నుంచి బాపట్ల జిల్లా. వూరు మాత్రం కదలలేదు, అలలూ కదలడం మానలేదు.

ఈమధ్య ఇక్కడికి కొత్తరకం యాత్రికులు వస్తున్నారు. పెళ్ళి నిశ్చయమైన జంటలు! ముహూర్తానికి ముందే సముద్రపుటొడ్డున ఫోటోలు తీయించుకోవడం మన ఇళ్ళలో ఆచారమై కూర్చుంది. నలుగు పెట్టడం మరిచిపోయినా మరిచిపోతారు గాని ఇది మానరు. ఆ ఫోటోగ్రాఫర్ల వెంట కెమెరా మోసే చిన్న విమానం ఒకటి, డ్రోను, తప్పకుండా వుంటుంది. ఇంగ్లీషులో డ్రోన్ అంటే మగ తేనెటీగ. 1930లలో బ్రిటిషువారు ఫిరంగుల గురి నేర్చుకోవడానికి మనిషి లేకుండా ఎగిరే విమానం చేసి దానికి ‘క్వీన్ బీ’, రాణి ఈగ, అని పేరు పెట్టారనీ, అమెరికావారు తమ దానికి ఆ వరసలోనే మగ ఈగ పేరు పెట్టుకున్నారనీ చెబుతారు. చప్పుడు వింటే పేరు సరిపోయిందనిపిస్తుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఆవిడా, నేనూ అక్కడ వుండగా అలాంటి ఫోటోగ్రాఫరొకడు పరుగున వచ్చి, “నమస్కారం మాష్టారూ” అన్నాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. పద్యం అప్పచెప్పమంటే తడబడే మనిషి రిమోటు చేతిలో పట్టుకుంటే ఎంత నిలకడగా వున్నాడో చెప్పలేను. డ్రోను సముద్రం మీద ఒక చుట్టు తిరిగి వచ్చి, మనిషి తలకన్న ఎత్తున గాలిలో నిలబడింది. పక్కనే వున్న జాలరి కుర్రవాడు చెయ్యి చాపి, పండు కోసినట్టు దాన్ని పట్టుకున్నాడు.

“అదేమిటి, కింద దింపకూడదూ?” అన్నాను.

మాట్లాడకుండా జేబులోంచి అయస్కాంతం ముక్క తీసి ఇసుకలో దొర్లించాడు. నల్లటి పొడి దానికి మీసాల్లాగా అంటుకుంది. మన తీరపు ఇసుకలో ఇనుము కలిసిన నల్లరజను వుంటుంది. డ్రోను మోటార్లలోనేమో అయస్కాంతాలుంటాయి. నేల దగ్గరకు రాగానే రెక్కల గాలికి ఇసుక లేచి మోటార్లలో దూరుతుంది, కెమెరాను తిప్పే సున్నితమైన కీళ్ళలో చేరుతుంది. అప్పుచేసి కొన్న వస్తువు ఒక్క దిగుడుతో మూలపడవచ్చు.

సరే, డ్రోను సంగతి అట్లా వుంచండి. చేతి సంగతేమిటి? రెక్కలు కంటికి కనపడనంత వేగంగా తిరుగుతుంటాయి. కిందటేడు వేరే వూళ్ళో ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు స్నేహితుడు సరదాకు పక్కనుంచి పట్టబోతే చూపుడువేలికి నాలుగు కుట్లు పడ్డాయట. అప్పటినుంచి మావాడు ఆ కుర్రవాణ్ణి తప్ప ఎవర్నీ దగ్గరకు రానివ్వడు. వాడికైనా చేతికి మందపాటి తొడుగు, కళ్ళకు అద్దాలు వుండాల్సిందే. ఆ వేళ్ళతోనే వాడు రేపు వల అల్లుకోవాలి గదా.

పట్టుకోవడంలో మొదటి సంగతి గాలి. వీపు గాలికి పెట్టి నిలబడాలి. అప్పుడు విసురు వచ్చినా డ్రోను మన మొహం మీదికి రాదు, మననుంచి దూరంగా పోతుంది. మధ్యాహ్నం గాలి సముద్రం మీదినుంచి వస్తుంది కాబట్టి వీపు సముద్రానికి, మొహం వూరికి. తెల్లవారుజామున నేలగాలి సముద్రంలోకి వీస్తుంది. అప్పుడు అలల పక్కన నిలబడి పట్టబోతే, తప్పిందంటే నీళ్ళపాలే. అందుకని పొద్దున పూట బాగా వెనక్కి, తోపుల వైపు వచ్చి దింపుతారు. ఈ గాలి లెక్క మావాడికి చెప్పింది ఆ కుర్రవాడేనట.

కెమెరా అవతలివైపుకూ, డ్రోను వెనకభాగం మనవైపుకూ వుండాలి. లేకపోతే రిమోటులో కుడి ఎడమలు తారుమారవుతాయి. చెయ్యి పూర్తిగా చాపి, కంటికన్న ఎత్తున, అడుగువైపు నుంచే పట్టాలి. పక్కనుంచి ఎన్నటికీ కూడదు. చాలా డ్రోనులకు పొట్టకింద నేల దూరం కొలిచే కళ్ళుంటాయి. చెయ్యి ఒక్కసారిగా పైకి తోస్తే, నేల దగ్గర పడిందనుకొని అది పైకి తప్పుకుంటుంది. మనమూ ఎగబడితే అప్పుడే వేళ్ళు రెక్కల్లో పడతాయి. అందుకని చెయ్యి కదల్చకుండా వుంచి దాన్నే నెమ్మదిగా దిగనివ్వాలి. అడుగుభాగం వేళ్ళకు అందగానే గట్టిగా పట్టుకోవాలి. లాగకూడదు, వంచకూడదు; వంచితే సరిచేసుకుందామని అది ఇంకా పెనుగులాడుతుంది. రిమోటు పట్టినవాడు కిందికి దించే స్టిక్కును రెక్కలు పూర్తిగా ఆగేదాకా వదలకూడదు. మధ్యలో విసురుగాలి వచ్చిందా, పట్టు మానేసి మళ్ళీ పైకి పంపాలి. అందుకే బ్యాటరీ మూడోవంతు మిగిలివుండగానే దింపుడు మొదలుపెట్టాలి. బ్యాటరీ అడుగంటితే అది మన మాట వినదు, వున్నచోటనే దిగిపోతుంది.

మా ఆవిడ అంతా విని, “ఇంత బాధ ఎందుకు నాయనా, ఒక చాప పరుచుకోరాదూ?” అంది.

“చాపే మంచిదమ్మగారూ. చోటు వుంటే నేను చాప మీదే దింపుతాను” అన్నాడు. వాడి దగ్గర మడతచాప వుంది కూడా. గాలి ఎక్కువగా వుండి చాప నిలవకపోయినా, పడవలో వెళ్ళినా మాత్రమే చేతిపట్టు. పడవలో మరీ చిక్కు. డ్రోను తాను లేచిన చోటు గుర్తుపెట్టుకొని అక్కడికే తిరిగి వస్తుంది. ఈలోగా పడవ జరిగిపోతే ఆ చోట వుండేది వట్టి నీళ్ళే! నా మటుకు నాకు ఆవిడ మాటే బాగున్నది. పెళ్ళి ఫోటో కోసం వచ్చిన బంధువులు, జుట్టు విరబోసుకున్న పెళ్ళికూతురు, ఎగిరే పమిటచెంగు, పరుగెత్తే పిల్లలు — వీళ్ళందరినీ పది గజాలు వెనక్కి పంపలేనివాడు చేతిపట్టు జోలికే పోకూడదు. అరచేతిలో దిగడానికే తయారై, రెక్కల చుట్టూ కంచె వున్న చిన్న రకాలూ ఇప్పుడు వచ్చాయి. సరదా కావలసినవారు అవి కొనుక్కోవచ్చు.

ఇంకొక మాట. 2021 డ్రోను నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు వాటికి పైలటు సర్టిఫికేటు అక్కర్లేదు. అంతమాత్రాన ఎక్కడ పడితే అక్కడ ఎగరెయ్యమని కాదు. ఈ తీరంలోనే బాపట్ల పక్కన సూర్యలంకలో వైమానిక దళం వారి కేంద్రం వుంది. ఎక్కడ ఎగరవచ్చో, ఎక్కడ కూడదో రంగులతో చూపే ప్రభుత్వపు పటం డిజిటల్ స్కైలో చూసుకొని గాని రిమోటు ముట్టకూడదు.

సాయంత్రం ఆ ముగ్గురూ ఒడ్డున కూర్చుని టీ తాగుతుంటే నాకు మోటుపల్లి గుర్తుకు వచ్చింది. ఇదే తీరాన వున్న ఆ పాత రేవులో కాకతి గణపతిదేవుడు 1244లో ఒక శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు, తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవారిని అట్లా దోచుకోమని, సుంకం తప్ప మరేమీ తీసుకోమని గణపతిదేవుడు అభయమిచ్చాడు. ఆ సుంకం ముప్ఫైకి ఒకటి. సముద్రమంతా దాటినవాడికి కూడా భయం ఒడ్డు దగ్గరే వుండేదన్నమాట. అది చెబితే మా శిష్యుడు నవ్వి, “మాకూ అంతే మాష్టారూ, పైన వున్నంతసేపూ భయం లేదు” అన్నాడు.

కుర్రవాడు అప్పటికే చిన్న బ్రష్షుతో రెక్కలు దులిపి, డ్రోనును పెట్టెలో పెట్టాడు. అలలు దాటి ఒక పడవ వస్తున్నది. తొడుగు వూడదీసి పెట్టె మీద పడేసి, దాన్ని ఒడ్డుకు లాగే వాళ్ళలో కలవడానికి పరుగెత్తాడు.