ఇంటిలో ఇల్లు

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణమైన మద్దతు ముగిసినది. విండోస్ 11 తన కొలతలకు సరిపడని యంత్రములను స్వీకరింపదు. అందుచేత మధ్యతరగతి గృహములలో ఎనిమిదేండ్లో పదేండ్లో పనిచేసి, ఇంకను చక్కగా నడచుచున్న కంప్యూటర్లు పెక్కులు ఒక్కమారుగా ముసలివైపోయినవి. కోనసీమలో మా ఐ.పోలవరము వంటి యూళ్లలో ఇట్టివానిని అటుకెక్కించుటయో, పాతసామానువానికి తూకమున కిచ్చుటయో పరిపాటి. మా యింటి యంత్రమును నేను తూకమున కీయలేదు. అందులో లినక్సు మింట్‌ను, ఎక్స్‌ఎఫ్‌సీఈ యను తేలికపాటి డెస్క్‌టాపుతో నెక్కించితిని. నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తిగల పాత యంత్రమునకు అది చాలును. ఎక్కించుట ఒక పూట పని. పిమ్మట దానిలో త్రోవ తెలిసికొనుటయే అసలైన పని. దానిని గూర్చియే యిక్కడ వ్రాయుచున్నాను.

విండోస్‌నకు ముఖమొక్కటే, లినక్సునకు పెక్కు ముఖములు. లినక్సనునది నిజమునకు లోపలి బీజము. 1991లో హెల్సింకీ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ దానిని ప్రకటించెను. దానిచుట్టు నున్న పనిముట్లలో పెక్కులు, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ఆరంభించిన గ్నూ ఉద్యమము వలన వచ్చినవి. మన కంటి కగపడు పట్టీ, కిటికీలు, బొమ్మలు వేరొక పొర. ఆ పొరకై 1996లో కేడీఈ పుట్టెను. దానికి ఆధారమైన క్యూటీ యను సామగ్రి అప్పటికి పూర్తి స్వేచ్ఛగలది కాదని కొందరు తగవుపడి 1997లో గ్నోమ్‌ను మొదలుపెట్టిరి. ఆ గ్నోమ్ 2011లో తన రూపమును సమూలముగా మార్చుకొనగా, పాతరూపమును విడువలేనివారు మాటే యను పేరున దానిని నిలుపుకొనిరి. మన సారస్వత సభలలోనే చీలికలు కలుగునని బాధపడువారికి ఇది కొంత ఊరట. కావున పొరుగింటి లినక్సు మన యింటి లినక్సువలె కనబడనిచో కలవరపడ నక్కరలేదు. రెండింటిలోపల బీజ మొక్కటే.

మా సీమకు క్రొత్తగా వచ్చినవారికి త్రోవ చెప్పునపుడు మేము వీధిపేరు చెప్పము. కాలువగట్టు ఎటున్నదో, గోదావరిపాయ ఎటున్నదో చెప్పుదుము. డెస్క్‌టాపునందును అంతే. మొదట పట్టీ ఎచ్చటనున్నదో చూడవలెను. మింట్‌లో అది తెర యడుగున నుండును. మెనూ దాని యెడమకొనయందు. గ్నోమ్‌లో పట్టీ పైభాగమున నుండును. కీబోర్డుపై విండోస్ గుర్తుగల మీటను నొక్కినచో తెరచియున్న కిటికీలన్నియు ఒక్కచో కనబడును. మెనూలో అంగడిబజారువలె వెదకుచు తిరుగుట వలదు. కావలసినదాని పేరులో మూడక్షరములు కొట్టినచో అదియే ముందుకు వచ్చును.

ఇక "సీ డ్రైవు ఎక్కడ?" అని అందరు నడుగుదురు. లేదు. ఇందులో సీ, డీ అను వేర్వేరు పెట్టెలు లేవు. అంతయు నొకే వృక్షము. ఏటవాలు గీత యొక్కటి దానికి వేరు. వేరు పైనను కొమ్మలు క్రిందను ఉండునట్లు దీనిని చిత్రింతురు. గీత పదునైదవ అధ్యాయము చదివినవారికి ఇట్టి వృక్షము క్రొత్తది గాదు. మనము తగిలించిన పెన్‌డ్రైవుకూడ ఆ చెట్టుననే ఒక కొమ్మయై కనబడును. ఆ చెట్టుననే 'హోమ్' అను కొమ్మ గలదు. ఇంటిలో ఎందరికి ఖాతాలిచ్చితిమో అన్ని రెమ్మలు దానికుండును. విండోస్‌లోను ఇట్టి ఏర్పాటున్నది గాని, మన యిండ్లలో దానిని వాడినవారిని నే నరుదుగా చూచితిని. ఒకే ఖాతా, అది ఇంటి పెద్దకొడుకు పేర. తక్కినవారందరు అతని యింట అతిథులు.

మా యింట అట్లు చేయలేదు. భర్త పోయిన పిమ్మట మా అక్కగారు మాతోనే యున్నారు. ఆమెకు మొదటి ఖాతా యిచ్చి, భాషను తెలుగునకు మార్చితిని. మా కుమారుని ఖాతా ఇంగ్లీషుననే యుండును. ఒకే యంత్రమున ఎవరి భాష వారిదే. తెలుగు తెరపై ఫైలు 'దస్త్రం', ఫోల్డరు 'సంచయం', తీసివేసినవి పడునది 'చెత్తబుట్ట'. ఈ మాటలను కూర్చినవారు జీతగాండ్రు మాత్రమే కారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారును, పేరు తెలియని స్వచ్ఛంద సేవకులును ఇందు పాటుపడిరి. యూనికోడ్ మొదటి కూర్పున 1991లోనే తెలుగునకు చోటు దొరికినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను అక్షరరూపములను తయారుచేసి స్వేచ్ఛగా నిచ్చిరి. అయినను అనువాదము పూర్తికాలేదు. ఒక కిటికీ తెలుగున మొదలై ఇంగ్లీషున ముగియును. 'సంచయం' అను మాట నాకు నచ్చినది. మా అక్కగారికి నచ్చలేదు. "సంచీ అంటే సరిపోను గదరా!" అన్నది. సంస్కృతము చదివినవానికి ప్రతికూలమైన తీర్పే గాని, కాదనలేకపోతిని.

'దస్త్రం' మాత్రము ఆమెకు వెంటనే తెలిసినది. పారసీకపు త్రోవను వచ్చిన ఆ మాట కరణముగారి మూటతో మన పల్లెలలో పాతుకొన్నది. 1984లో కరణీకములు రద్దయినవి, మాట మిగిలినది. ఆ మూట విప్పి తన భూమివివర మెట్లున్నదో తానే చూచుకొన్న స్త్రీ నొకతెనైన మా అమ్మమ్మకాలమున నేను వినలేదు.

అక్కగారి కొబ్బరితోట లెక్కలును ఆ వరుసలోనివే. దింపు దింపునకు కాయలెన్ని, వేయికి ధర యెంత, కూలియెంత అను సంగతులు మరిదిగారి పుస్తకమున నుండెడివి. ఆయన మోసగాడని నేననను. పుస్తక మాయనది, అంతమాత్రమే. ఇప్పుడామె లిబ్రేఆఫీసు పట్టికలో తన లెక్క తాను వ్రాసికొనుచున్నది. పోయిన దింపున బేరగానితో ధర తానే మాటలాడినది.

ఆమె ఖాతాకు ఆమెయే సంకేతపదము పెట్టుకొన్నదని తెలిసి మా మేనమామగారు నొచ్చుకొనిరి. "ఒకింట్లో ఒకరికొకరికి తాళాలేమిటయ్యా? ఆడవాళ్ళకి రహస్యాలెందుకు?" అనిరి. వారి పడకగదిలో భోషాణమున్నది. దాని తాళపుచెవి నలువది సంవత్సరములుగా వారి మొలత్రాటిననే యున్నది. ఆ మాట పెద్దవారితో ననలేదు గాని, చదువరులతో ననుటకు సంకోచములేదు.

లినక్సున ఈ తాళమెట్టిదో గృహస్థులు తెలిసికొనదగినది. ప్రతి దస్త్రమునకు యజమాని, కూటమి, ఇతరులు అని మూడు తెగలవారు. చదువుట, వ్రాయుట, నడపుట అని మూడధికారములు. పురుషలు మూడు, వచనములు మూడుగా తొమ్మిది రూపములతో నిలుచు సంస్కృత క్రియాపదమువలె ఇదియు తొమ్మిది గళ్ల పట్టిక. ఖాతా వేరైనంతమాత్రమున తలుపు మూసియున్నదని తలపరాదు. ఉబుంటులో చిరకాలము ఒకరి గృహములోనికి మరియొకరు తొంగిచూడ వీలుండెను; 2021 ఏప్రిల్‌లో వచ్చిన కూర్పునుండి క్రొత్త ఖాతాలకు ఆ వాకిలి మూసిరి. మన యంత్రమున నెట్లున్నదో చూచుటకు, గృహసంచయముపై కుడిమీట నొక్కి లక్షణములలో అనుమతులను తెరచి, 'ఇతరులు' అనుచోట ఏమియు లేకుండ చేయవలెను. అరనిముసపు పని.

ఇదంతయు వివరించిన పిమ్మట అక్కగారు కొంతసేపూరకుండి, "మరి నీ దగ్గరున్న తాళంచెవి మాటేమిటిరా?" అని యడిగినది. ప్రశ్న సరియైనది. యంత్రమును స్థాపించిన ఖాతాకు పరిపాలనాధికారముండును. ఆ యధికారి ఎవరి గృహమునైన తెరువగలడు, అనుమతుల పట్టిక అతని నడ్డగింపదు. గుప్తలిపిలో నిక్షేపించినచో కొంత రక్షణ గలదు. కాని దాని సంకేతపదము మరచినచో లెక్కలన్నియు పోవును. ఆ మార్గ మామె వలదన్నది. అప్పుడు 'వాడుకరులు' అను కిటికీ తెరచి, ఆమె ఖాతానుగూడ పరిపాలకుల తరగతిలో చేర్చితిని. ఇప్పుడు మే మిద్దరము ఒకరి గృహము నొకరు తెరువగలము.

పోయిన ఆదివారము గ్నూక్యాష్ అను జమాఖర్చుల అనువర్తన మొకటి మెనూలో క్రొత్తగా కనబడినది. ఎవరెక్కించిరని మా కుమారుడు నన్నడిగెను. అక్కగారు పెరటిలో దింపువారికి మజ్జిగ పోయుచు, "నేనేలే" అన్నది.